బూడిద అంటే కొనరు, గ్రే అంటే కొంటారు

నెల్లూరులో కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్ల కోసం ఒక ఆదివారం సాయంత్రం పెట్టుకున్న సమావేశంలో, ముప్పై ఏళ్లు దాటి రంగుల పనిలో ఉన్న ఒక కాంట్రాక్టరు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్లు అడిగారని రికార్డింగు విని టైపు చేశాం.

అందరికీ నమస్కారం. వెనక వినపడుతోందా? ఆ, చెయ్యి ఊపుతున్నారు. సరే.

ఈ సమావేశం పెట్టినవాళ్లు పోయిన వారం ఫోన్ చేసి, "అన్నా, ఎవర్ని చూసినా ఇంటికి గ్రే కొట్టించుకుంటుండారు, దాని గురించి ఒక గంట మాట్లాడన్నా" అన్నారు. బూడిదలో గంట మాట్లాడేంత ఏముంటుంది అనుకున్నా. కూర్చుని రాస్తే నాలుగు కాయితాలయింది. ఆ కాయితాలు ఇంట్లో టీవీ మీద పెట్టి వచ్చేశా. కాబట్టి గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు చెబుతాను, మీరే సర్దుకోండి.

ఈ బల్ల మీద రెండు ప్లైవుడ్ ముక్కలు పెట్టాను, చూశారు కదా. ఒకదాని చుట్టూ పసుపు గుడ్డ, ఇంకోదాని చుట్టూ నీలం గుడ్డ. మధ్యలో రెండిటికీ గ్రే. వాటి సంగతి తర్వాత. కానీ మాట్లాడుతున్నంతసేపూ అప్పుడప్పుడు వాటి మీద ఒక కన్నేసి ఉంచండి.

ముందు ఒకటి అడుగుతాను. మీలో ఎంతమంది ఇళ్లలో హాలు గ్రే? చేతులెత్తండి. చూడండి, సగం మంది. పదిహేనేళ్ల కిందట ఇదే అడిగితే ఒక్క చెయ్యి లేచేది కాదు. అప్పుడంతా లేత గంధం, క్రీము, పిస్తా. మరీ ధైర్యవంతులైతే గులాబీ. నేను కొట్టిన గులాబీ హాళ్లు వేదాయపాళెంలో ఇంకా రెండున్నాయి. వాళ్లు మార్చరు, నేను అడగను.

ఇప్పుడు చెయ్యెత్తినవాళ్లకే ఇంకో ప్రశ్న. మీ ఊరి నుంచి పెద్దావిడ ఫోన్ చేసి, ఇంటికి ఏం రంగు వేయించారమ్మా అంటే ఏమని చెబుతారు? బూడిద రంగు అంటారా? అనరు. నోరు రాదు. ఎందుకు రాదంటే బూడిద అనే మాట మనకి వచ్చేదంతా ఎక్కడ? బూడిదలో పోసిన పన్నీరు. కాలి బూడిదయింది. ఆస్తంతా బూడిద చేసి కూర్చున్నాడు. ఒక్క చోట కూడా మంచికి రాలేదు. మరి విభూతి ఉంది కదా అంటారు. ఉంది. కానీ గుళ్లో పంతులు గారి ముందు చెయ్యి చాపి, కొంచెం బూడిద పెట్టండి స్వామీ అని అడిగి చూడండి. నుదుటికెక్కితే విభూతి, పొయ్యిలో ఉంటే బూడిద, గోడకి కొడితే గ్రే.

పేరులో అంత ఉంది. ఇంగ్లండులో ఫారో అండ్ బాల్ అని పేరున్న రంగుల కంపెనీ ఒకటి ఉంది. వాళ్ల గ్రేలలో ఒకదాని పేరు ఎలిఫెంట్స్ బ్రెత్. ఏనుగు ఊపిరి అని! ఏనుగు ఊపిరికి రంగేంది సామీ అని నన్నడగొద్దు, అడిగినవాళ్లు డబ్బా కొనరు. అమెరికాలో షెర్విన్ విలియమ్స్ అనే కంపెనీకి బాగా అమ్ముడుపోయే షేడ్లలో ఒకటి అగ్రీయబుల్ గ్రే. అంటే ఎవరూ కాదనని గ్రే. ఈ పేరు పెట్టినాయన మాత్రం ఘటికుడు. ఎందుకో చెబుతాను, కాస్త ఆగండి.

మా నాయన సున్నాలు కొట్టేవాడు. నేను ఆయన బకెట్టు మోసినవాణ్ణి. అప్పుడు గుల్లసున్నం. సముద్రం వైపు నుంచి, పులికాట్ దిక్కు నుంచి గుల్ల వచ్చేది. కాల్చిన గుల్ల మీద నీళ్లు పోస్తే కుతకుతా ఉడికేది. చల్లారాక గుడ్డలో వడకట్టి, దాంట్లో చిటికెడు నీలిమందు వేసేవాడు. తెల్ల సున్నంలో నీలం ఎందుకు నాయనా అని అడిగాను ఒకసారి. "సున్నం ఆరితే పచ్చగా కొడతాది, నీలం దాన్ని తినేస్తాది" అన్నాడు. పసుపుకి నీలం విరుగుడు. ఏ కాలేజీలోనూ చదవలేదు, చెయ్యి చెప్పింది ఆయనకి. ఇదెందుకు చెబుతున్నానంటే, ఆ బకెట్టులో పొరపాటున పొయ్యి మసి పడిందనుకోండి, సున్నం మొత్తం బూడిద రంగుకి తిరిగేది. బకెట్టు బకెట్టూ పారబోసేవాడు. నా వీపు మీద ఒకటి పడేది. ఆయన పారబోసిన రంగుని ఇవాళ నేను డబ్బు తీసుకొని మీ హాల్లో కొడుతున్నా. ఉంటే ఏమనేవాడో.

నిజం చెప్పాలంటే ఇప్పుడు మిషన్లో చేసేదీ అదే. టింటింగ్ మిషన్ చూసే ఉంటారు షాపుల్లో. తెల్ల బేసు డబ్బా కింద పెడతాడు, కంప్యూటరులో నంబరు కొడతాడు, పైనించి నల్లది నాలుగు చుక్కలు, పసుపుది రెండు చుక్కలు, ఎర్రది ఒక చుక్క పడుతుంది. ఆ నలుపు దాదాపు మసే, మంచి మసి, కార్బన్ బ్లాక్ అంటారు. తెలుపులో నలుపొకటే కలిపితే ఏమవుతుందో ఈ ముందు వరుసలో మేస్త్రీలకి తెలుసు. ఏమవుతుంది మేస్త్రీ? ఆ, నీలంగా కొడుతుంది. చన్నీళ్ల రంగు వస్తుంది. అందుకే ఆ పసుపు రెండు చుక్కలు, ఎర్ర ఒక చుక్క. ఆ చుక్కల దగ్గరే మనుషుల ఇళ్లు బాగుపడతాయి, చెడతాయి. నాది చెడింది.

చెబుతాను, సిగ్గేముంది. నా సొంతిల్లు కట్టుకున్నప్పుడు హాలుకి గ్రే ఎంచుకున్నా. ఊరందరికీ రంగులేసేవాణ్ణి, నా ఇల్లు కొత్తగా కనపడాలని ఆశ. షాపులో పచ్చటి లైట్ల కింద, షేడ్ కార్డులో రెండు వేళ్ల వెడల్పు ముక్క చూసి, ఇదే అన్నాను. నలుపొకటే కలిసిన గ్రే. నా హాలు పడమర మొహం. కింద తెల్ల టైల్సు, నీలం ఛాయవి. పైన ట్యూబులైట్లు. గృహప్రవేశం తెల్లారితే అనగా, సాయంత్రం మా అమ్మ ఊరి నుంచి బస్సు దిగి వచ్చింది. గడప దాటింది, నాలుగు గోడలూ చూసింది. ఏమీ అనలేదు. రాత్రి అందరూ పడుకున్నాక నా దగ్గరకొచ్చి, కొంగుముడి విప్పి, మడతలు మడతలుగా ఉన్న నోట్లు తీసి నా చేతిలో పెట్టి, మెల్లగా అంది: "హాలుకి సున్నం కొట్టించేదానికి చాలకపోతే నాతో చెప్పకూడదా నాయనా? సిమెంటు గోడల మధ్య సత్యనారాయణ వ్రతం చేస్తావా?"

నవ్వండి, నవ్వండి. నేనూ ఇప్పుడు నవ్వుతాను. ఆ రాత్రి మాత్రం నిద్రపట్టలేదు. ఎందుకంటే అమ్మ తప్పేం చెప్పలేదు. మన దగ్గర గ్రే అంటే పూర్తికాని ఇంటి రంగు. పూత పూసి, డబ్బులైపోయి, లోను రెండో విడత కోసం ఆగిపోయిన ఇల్లు ఏ రంగులో ఉంటుంది? ఇటుక కూడా ఇప్పుడు ఎర్రది ఎక్కడుంది? కృష్ణపట్నం వైపు థర్మల్ కేంద్రాలొచ్చాక బూడిద ఇటుకలే కదా. బొగ్గు కాలిన బూడిదతో ఇటుక, సిమెంటుతో పూత, కాంక్రీటుతో స్లాబు. ఇల్లు పుట్టడమే గ్రేలో పుడుతోంది. దాన్ని తెల్లగా చేసుకోవడానికి మనం లప్పం పెట్టి, ప్రైమరు కొట్టి, రెండు కోటింగులు వేసి, మళ్లీ మొదటికొచ్చి గ్రే కొడుతున్నాం. మా అమ్మకి అర్థం కావాలంటే ఎలా అవుతుంది?

మరి ఇంతమంది ఎందుకు కొట్టిస్తున్నారు? పిచ్చివాళ్లా? కాదు. కారణాలున్నాయి, కొన్ని మంచివే.

ఒకటి టైల్సు. గోడ రంగు నేల చూసి ఎంచుకోవాలి, ఇంట్లో ముందు ఖరారయ్యేది నేలే. గుజరాత్‌లో మోర్బీ అని ఊరుంది, దేశంలో టైల్సు ఎక్కువ భాగం అక్కడి నుంచే వస్తాయి. ఈ పది పదిహేనేళ్లలో రెండడుగులకి నాలుగడుగుల పెద్ద టైల్సు వచ్చాయి, తెలుపు మీద గ్రే గీతలతో, పాలరాయిలాగా. అవి పరిచాక పిస్తా రంగు కొట్టండి చూద్దాం. ఆసుపత్రి అవుతుంది. గంధం కొట్టండి, మురికి పట్టినట్టుంటుంది. గ్రే ఒక్కటే పోట్లాడదు. ఆ తర్వాత వంటింటి లామినేట్లు గ్రే, కిటికీల యూపీవీసీ ప్లాస్టిక్ ఫ్రేములు గ్రే, సోఫా గ్రే. ఒకటొస్తే మిగతావాటిని పిలుచుకుంటుంది, చుట్టాల్లాగా.

రెండోది ఫోను. ఇప్పుడు ఇల్లు చూసే ముందు ఇంటి ఫొటో చూస్తున్నాం. ఫొటోలో గ్రే బాగా పడుతుంది. స్టూడియోలు నడిపేవాళ్లకి తెలుసు, వెలుతురు కొలవడానికి గ్రే కార్డు అని ఒకటి వాడతారు. అది తన మీద పడ్డ వెలుతురులో నూటికి 18 పాళ్లు తిప్పి పంపుతుంది. కెమెరా వెలుతురు లెక్కంతా అటువంటి మధ్యరకం గ్రేని పట్టుకొని నడుస్తుంది. అందుకని గ్రే గది ఫొటోలో కుదురుగా ఉంటుంది. ముదురు పసుపు గది ఫొటో తీయండి, మనుషుల మొహాలకి కామెర్లు వచ్చినట్టుంటాయి.

మూడోది, ఇందాక ఆగమన్నాను కదా, అగ్రీయబుల్. ముప్పై ఏళ్లుగా నేను షేడ్ కార్డు పట్టుకొని మొగుడూ పెళ్లాల మధ్య కూర్చున్నవాణ్ణి. ఆమె నీలం అంటుంది, ఈయన గంధం అంటాడు, వాళ్ల నాయన వాస్తు ప్రకారం ఆకుపచ్చ అంటాడు, పిల్ల ఫోనులో ఏదో చూపిస్తుంది. గంటన్నర అయ్యాక ఎవరో ఒకరు, పోనీ గ్రే వేద్దామా అంటారు. అందరూ నోరు మూసుకుంటారు. ఎవరికీ ఇష్టమై కాదు. ఎవరికీ అయిష్టం లేక. నేను వేసిన గ్రే హాళ్లలో సగం ఇలా పుట్టినవే. అమ్మదలచుకున్న ఇంటికి కూడా ఇదే లెక్క. అమెరికాలో 2008లో ఇళ్ల ధరలు కూలాక, పాత ఇళ్లు కొని బాగుచేసి అమ్మేవాళ్లు అన్నిటికీ గ్రే కొట్టారు. కొనేవాడికి నచ్చకపోయినా పరవాలేదు, నచ్చలేదని వెనక్కి పోకుండా ఉంటే చాలు. పదేళ్లు అదే రాజ్యం. ఇప్పుడు అక్కడి పిల్లలు దానికి మిలీనియల్ గ్రే అని ఎగతాళి పేరు పెట్టారు. అక్కడ వాళ్లు నవ్వుకుంటున్న సమయానికి మన దగ్గర చేతులు లేస్తున్నాయి.

ఇంకోటి కూడా చెబుతాను, ఇది గోడల సంగతి కాదు. లండన్‌లో సైన్స్ మ్యూజియం ఉంది. వాళ్లు 2020లో తమ దగ్గరున్న వస్తువుల ఫొటోలు ఏడువేలకు పైగా కంప్యూటరుకిచ్చి ఏ రంగు ఎంత ఉందో లెక్క తీయించారు. సుమారు 1800 నుంచి ఇటు వచ్చేకొద్దీ గోధుమ, పసుపు తగ్గుతూ, గ్రే పెరుగుతూ వచ్చింది. ఎందుకంటే చెక్క పోయింది, ప్లాస్టిక్కు వచ్చింది. మన ఇంట్లో చూసుకోండి. టేకు రేడియో ఉండేది, ఇత్తడి బిందె ఉండేది, రోజ్‌వుడ్ కుర్చీ ఉండేది. ఇప్పుడు? కాబట్టి మీరు గ్రే ఎంచుకున్నామనుకుంటున్నారు. సగం మీ సామానే ఎంచింది.

ఇప్పుడు అసలు విషయం. వెలుతురు.

ఈ గ్రే పుట్టిల్లు ఎక్కడ? ఉత్తరాన, చలి దేశాల్లో. స్వీడన్‌లో మూడో గుస్తావ్ అనే రాజు ఉండేవాడు, 1771 నుంచి 1792 దాకా ఏలాడు. ఆయన పేరు మీద ఒక ఇంటి అలంకరణ పద్ధతే ఉంది: లేత గ్రే గోడలు, గ్రే పూసిన చెక్క కుర్చీలు, పెద్ద అద్దాలు. ఎందుకలా? చలికాలంలో అక్కడ వెలుతురు కరువు. ఉన్న కాస్త వెలుతురునీ గదంతా తిప్పుకోవాలి. లండన్‌లోనే చూడండి, డిసెంబరులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఎంత ఎత్తులో ఉంటాడంటే, చెయ్యి బార్లా చాపి పిడికిలి బిగించి నేల అంచున పెట్టండి. పిడికిలిన్నర. అంతే. అదే మధ్యాహ్నం! పైగా మబ్బు. ఆ పల్చటి వెలుతురులో గ్రే మెత్తగా, ముత్యంలా ఉంటుంది. పసుపూ ఎరుపూ అయితే అక్కడ అరుస్తున్నట్టుంటాయి.

మనకో? ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు మధ్యలో ఒకసారి నెల్లూరులో మధ్యాహ్నం నిలబడితే నీడ కాళ్ల కిందే ఉంటుంది. సూర్యుడు నడినెత్తిన కూర్చుంటాడు. రోహిణీ కార్తెలో ట్రంకు రోడ్డు మీద నిలబడండి, కళ్లు తెరవగలరా? మనది వెలుతురు కరువున్న ఊరా, వెలుతురు వరదొచ్చే ఊరా? వరద కాబట్టి మనం కిటికీలు మూస్తాం, కర్టెన్లు వేస్తాం, సన్‌షేడ్లు దించుతాం. బయట కొలిమి, లోపల చీకటి. ఆ చీకట్లో మధ్యరకం గ్రే కొడితే అది ఉన్న కాస్తా మింగేస్తుంది. ఇందాక 18 పాళ్లు అన్నానే, ఆ గ్రే మన కంటికి నలుపుకీ తెలుపుకీ సరిగ్గా సగంలో ఉన్నట్టు కనపడుతుంది. కానీ పంపేది 18 పాళ్లే. కన్ను మోసపోతుంది. కార్డు మీద లేతగా ఉందే అనుకుంటారు, గోడ మీదకొచ్చాక పగలే ట్యూబులైటు వేసుకుంటారు. మంచి తెలుపైతే ఎనభై దాటి పంపుతుంది. కొన్ని షేడ్ కార్డుల వెనక ఎల్ఆర్‌వీ అని ఒక అంకె ఉంటుంది, అదే ఇది. హాలుకి అరవైకి తగ్గనీయొద్దు. ఇది నా చేతి లెక్క, పుస్తకంలోది కాదు.

ఇక ఈ బోర్డులు. చూస్తున్నారా? చెప్పండి, ఏది ముదురు? వెనక కూర్చున్న అక్కా, మీరు చెప్పండి. నీలం గుడ్డలోది పచ్చగా, వెచ్చగా ఉంది, పసుపు గుడ్డలోది నీలంగా, ముదురుగా ఉంది అంటున్నారు. ఎంతమందికి అలా ఉంది? చాలామందికి. ఇప్పుడు గుడ్డలు తీసేస్తున్నా. చూడండి. పక్కపక్కన పెడుతున్నా. ఒకే డబ్బా! నిన్న సాయంత్రం ఒకే బ్రష్షుతో కొట్టాను, మా అబ్బాయి సాక్షి.

దీన్ని కనిపెట్టినాయన కథ బాగుంటుంది. ప్యారిస్‌లో గోబెలిన్ అని రాజుల కాలం నాటి నేతశాల ఉంది, గోడలకి వేలాడదీసే చిత్రాల తివాచీలు నేస్తారు. షెవ్రుల్ అనే రసాయన శాస్త్రవేత్తని 1824లో అక్కడ అద్దకం పనికి పెద్దగా పెట్టారు. నేతగాళ్లు వచ్చి, అయ్యా, మీ నల్ల దారం వెలిసినట్టుంది అని ఫిర్యాదు చేశారు. ఈయన అద్దకం పరీక్ష చేస్తే ఏ లోపమూ లేదు. ఇతర ఊళ్ల నల్ల దారం తెప్పించి పోల్చాడు, ఇదే మేలుగా ఉంది. చివరికి తేలిందేమంటే, ఆ నలుపు పక్కన నేసింది నీలం, ఊదా దారాలు. పక్క రంగు వల్ల నలుపు పాడైంది. 1839లో ఆ సూత్రాలన్నీ అచ్చువేశాడు. ప్రతి రంగూ తన విరుగుడు రంగుని పక్కదాని మీదికి తోస్తుంది. నలుపే అంత మారితే ఇక గ్రే సంగతి? గ్రేకి సొంత రంగు లేదు, కాబట్టి అందరి రంగూ దానికి అంటుకుంటుంది. ఆయన నూట రెండేళ్లు బతికాడు, అది వేరే విషయం. రంగుల వాసన మంచిదే అనిపిస్తుంది నాకు.

ఇక్కడ నాకు మా నాయనమ్మ ఇల్లు గుర్తొస్తుంది. ఆ ఇంట్లో గ్రే లేదా? ఉంది! ఎక్కడుంది? కాళ్ల కింద. నాపరాళ్లు. పొద్దున కళ్లాపి చల్లితే తడిసి ముదురు గ్రే, పది గంటలకి ఆరి లేత గ్రే. ఆ రాయి మీద తెల్ల ముగ్గు. గడపకి పసుపు, దాని మీద ఎర్రటి కుంకం బొట్లు. గోడకి సున్నం, గోడ అడుగున జాజు పట్టీ. ఆ ముగ్గు ఎంత తెల్లగా కనపడేదో! ఇవాళ తెల్ల టైల్సు మీద ముగ్గేస్తే ఎవరికీ కనపడదు, తొక్కుకుంటూ పోతారు. మనవాళ్లకి గ్రే తెలియక కాదు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలిసి పెట్టారు. 2021 సంవత్సరానికి పాంటోన్ అనే అమెరికా సంస్థ, ఏటా ఒక రంగుని ప్రకటిస్తుందే, అది ఆ ఏడు రెండు రంగులు కలిపి ప్రకటించింది: అల్టిమేట్ గ్రే ఒకటి, ఇల్యూమినేటింగ్ అనే పసుపు ఒకటి. ప్రపంచమంతా ఆహా అంది. మా నాయనమ్మ శుక్రవారం శుక్రవారం గడప దగ్గర చేసింది అదే.

ఒంగోలు గిత్తని చూడండి. తెల్లటి గిత్త. కానీ మంచి మగ గిత్తకి మెడ మీద, మూపురం మీద బూడిద ఛాయ ఉంటుంది. ఆ బూడిద వల్లే వెనక తెలుపు వెన్నలా మెరుస్తుంది. మార్కాపురం పలక చూడండి, పలక గ్రే, బలపం తెలుపు, అ ఆలు ఎంత స్పష్టంగా ఉండేవి! మన చుట్టుపక్కల గ్రేకి లోటేముంది? చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ఉంది, నల్లగా, లోపల బంగారు చుక్కలతో. ప్రపంచమంతా ఎగుమతి అవుతుంది. అంత నల్ల రాయిని రంపం కింద పెడితే కారే నీళ్లు ఏ రంగో చూశారా? అచ్చం బూడిద. ఆ ఫ్యాక్టరీల్లో చేసే కుర్రాళ్లు సాయంత్రం బయటికొస్తే తల నుంచి కాలి దాకా గ్రే. వాళ్లలో ఒకాయన ఇంటికి నేను రంగులేశాను. షేడ్ కార్డులో గ్రే పేజీ రాగానే తిప్పేశాడు. "అన్నా, పొద్దస్తమానం అదే చూస్తుండా, ఇంట్లో వొద్దు" అన్నాడు. చిలకాకుపచ్చ కొట్టించుకున్నాడు. బ్రహ్మాండంగా ఉంది.

కాబట్టి వేయించుకునేవాళ్లకి నాలుగు పని మాటలు, త్వరగా చెప్పేస్తాను.

కార్డు చూసి ఎంచొద్దు. చిన్న డబ్బా కొనండి, రెండడుగుల అట్ట మీద రెండు కోట్లు కొట్టండి, గోడకి ఆనించి పొద్దున, మధ్యాహ్నం, దీపాలు పెట్టాక చూడండి. ఒక గోడ దగ్గర కాదు, నాలుగు గోడల దగ్గరా. ఎదురింటి గోడ నారింజ రంగైతే మీ గ్రే సాయంత్రం గులాబీగా మారుతుంది, తర్వాత పెయింటర్‌ని తిట్టొద్దు. బల్బు పెట్టె మీద అంకె చూడండి. 6500 అని ఉంటే తెల్లటి లైటు, గ్రేని నీలం చేస్తుంది. 3000 అంటే పసుపు లైటు. మధ్యలో 4000 దొరుకుతుంది, గ్రే గదికి అది నాకు నచ్చుతుంది.

బయటి గోడకి ముదురు గ్రే అంటున్నారు ఇప్పుడు. ఫొటోలో బాగుంటుంది. కానీ ముదురు గ్రే వెలుతురులో పది పదిహేను పాళ్లే తిప్పికొడుతుంది, మిగతాదంతా వేడి కింద గోడలోకి పోతుంది. మే నెలలో పడమటి గోడకి అది కొట్టించుకొని రాత్రి పదకొండింటికి ఆ గోడ మీద చెయ్యి పెట్టండి. దోసె పెనం. పైగా మైపాడు వైపు, సముద్రం దగ్గరున్నవాళ్లకి ఇంకో బాధ: ఉప్పు. గోడలో చెమ్మ ఉంటే ఉప్పు ఉబికి తెల్లగా పూస్తుంది. సున్నం గోడ మీద ఎవరికీ కనపడేది కాదు. ముదురు గ్రే మీద మజ్జిగ చల్లినట్టు కనపడుతుంది. చెమ్మ ఆగకుండా పైన ఏ రంగేసినా దండగ.

లప్పం పని సరిగా లేకపోతే మెరుపున్న గ్రే జోలికి పోవద్దు. పక్క నుంచి లైటు పడితే లప్పం బ్లేడు పోయిన దారులన్నీ, దుక్కి దున్నినట్టు తేలతాయి. మేస్త్రీలు నన్ను కోపంగా చూస్తున్నారు. మీ గురించి కాదయ్యా.

ప్రశ్నలున్నాయా? చెప్పండమ్మా. పూజగదికి గ్రే వేయొచ్చా అని. శాస్త్రం నాకు తెలియదు. రంగు సంగతైతే, ఇత్తడి కుందులూ, బంతిపూలూ లేత గ్రే ముందు వెలిగిపోతాయి. కానీ మీ అత్తగారు ఉంటే ముందు ఆవిణ్ణి అడగండి, తర్వాత నన్ను.

ఆ బాబు అడిగేది, ఈ ఫ్యాషన్ ఇంకెన్నాళ్లని. అదే పాంటోన్ 2025కి మోకా మూస్ అని కాఫీ గోధుమ రంగు చెప్పింది. నా దగ్గరికి వచ్చేవాళ్లు కూడా గ్రేలో కాస్త గోధుమ కలపమంటున్నారు, గ్రేజ్ అంటున్నారు దాన్ని. తిరిగి తిరిగి గంధానికే వస్తారేమో. నా గోడౌనులో పాత గంధం షేడ్ కార్డులు ఇంకా ఉన్నాయి.

మా హాలు ఏమైందా? అడుగుతారనుకున్నా. అమ్మ ఇచ్చిన డబ్బు ఖర్చు పెట్టలేదు. నాలుగు నెలలకి మూడు గోడలు మార్చాను, ఒక గోడ ఉంచాను, పంతం కొద్దీ. సంక్రాంతికి అమ్మ వచ్చి ఆ గోడకి నన్నడగకుండా మేకు కొట్టించి, కిరాణా కొట్టులో ఇచ్చిన క్యాలెండరు తగిలించింది. లక్ష్మీదేవి, చుట్టూ ఎర్ర అంచు, కింద పచ్చటి అంకెలు. నేను సోఫాలో కూర్చుని చూశాను. మొదటిసారి ఆ గోడ సిమెంటులా లేదు. ఇప్పటికీ ఏటా జనవరిలో ఆ మేకుకి కొత్త క్యాలెండరు పడుతుంది. అంచు ఎర్రగా లేకపోతే అమ్మ మార్చుకు రమ్మంటుంది.

టీ వచ్చినట్టుంది. అయిదున్నర అయింది, వరండాలో ఎండ పచ్చబడింది. ఈ రెండు బోర్డులూ అక్కడ పెడతాను, లోపల చూసిన రంగు బయట ఏమైందో చూసి పొండి. గుడ్డలు మాత్రం మా ఇంటావిడవి, వాటి మీద టీ పోయొద్దు.